ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకి వాట్లు చూసి ఆంప్ కొనమనకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రికలో ఇంట్లో పాటలు వినడానికి ఆంప్లిఫైయర్ ఎలా ఎంచుకోవాలో చెబుతూ ఒక వ్యాసం వేశారు. చిన్న గదికి ఇన్ని వాట్లు, పెద్ద హాలుకి ఇన్ని వాట్లు అని లెక్క చెప్పి, స్పీకర్ ఏదైనా సరే, వాట్లు కాస్త ఎక్కువున్న ఆంప్ తీసుకుంటే చాలని తేల్చేశారు. మామూలు కోన్ స్పీకర్ల వరకు ఆ సలహాతో పెద్దగా వచ్చే నష్టం లేదు. కానీ ఆ వ్యాసం మధ్యలో నిలువెత్తు ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల (కోన్ బదులు పల్చటి పొర కదిలి శబ్దం చేసేవి) ఫోటో వేసి, వాటిని కూడా ఇదే లెక్కలోకి లాగేశారు. నా అభ్యంతరం అక్కడే. మన విశాఖలో ఈ స్పీకర్లు పెట్టుకున్న ఇళ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. కొందరికి విదేశాల నుంచి తిరిగొచ్చిన పిల్లలు సామానుతో పాటు తెచ్చారు, కొందరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఏ రకంగా వచ్చినా అవి ఖరీదైనవే. వాటికి ఆంప్ ఎంచుకోవాల్సిన పద్ధతి పూర్తిగా వేరు, అది తెలియక చాలామంది మంచి స్పీకర్లని చెడ్డవనుకుని అమ్ముకుంటున్నారు. అందుకే ఉత్తరం పొడుగైనా ఓపికగా చదవమని మనవి.

మా కుటుంబంలోనే జరిగిన సంగతి చెబుతాను. మా తోడల్లుడు ఎంవీపీ కాలనీలో ఉంటాడు. ఒక జత ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెళ్లు కొని, వాటి కోసం నగరంలోనే ఒక షాపులో కొత్త ఆంప్ తీసుకున్నాడు. ఛానెల్‌కి 120 వాట్లు. "ఏ స్పీకరైనా లాగేస్తుంది సార్, టెన్షన్ పడకండి" అని షాపాయన భరోసా ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెట్టాక గొంతు బాగానే ఉంది కానీ తాళాలు, గజ్జెలు వచ్చే చోట గరగరమని చెవికి గుచ్చుకుంటోంది, అప్పుడప్పుడు టప్‌మని ఆగిపోయి మళ్లీ వస్తోంది. నేను వెళ్లి చూసినప్పుడు పాట పెట్టనే లేదు, వాల్యూమ్ సున్నాలో ఉంది, అయినా ఆంప్ వేడిని బయటికి పంపే లోహపు రెక్కల (హీట్ సింక్) మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోయాను. షాపుకి ఫోన్ చేస్తే మా ఆంప్‌లో ఏమీ లేదు, మీ పాత స్పీకర్లలోనే లోపం అన్నారు. "అన్నయ్యా, ఇక వీటిని అమ్మేద్దామనుకుంటున్నాను" అన్నాడు మా తోడల్లుడు దిగాలుగా.

అప్పుడే అమ్మొద్దు, ముందు ఎవరైనా తెలిసినవాళ్లకి చూపిద్దామని కంచరపాలెంలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. పాత వాల్వ్ రేడియోల దగ్గర్నుంచి పని చేసిన మనిషి, బల్ల మీద ఓసిలోస్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే పరికరం) ఉంది. ముందు ఆంప్ ఔట్‌పుట్‌కి స్పీకర్ బదులు మామూలు 8 ఓమ్‌ల రెసిస్టర్ లోడ్ తగిలించాడు. తెర మీద గీత సన్నగా, నిలకడగా ఉంది. తర్వాత ఆ రెసిస్టర్‌కి పక్కనే 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిపాడు. గీత కాస్తా వేలంత మందం పట్టీ అయిపోయింది. నాబ్ తిప్పి దాన్ని విడదీసి చూస్తే సెకనుకి కొన్ని లక్షల సార్లు ఊగుతున్న అల. "ఏటి సార్ ఇది, పాటే లేదు, దానంతటదే కేకలేసేస్తంది" అన్నాడాయన. ఆ కేక మన చెవికి వినపడదు, ఎందుకంటే మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు. వినపడకపోయినా ఆంప్ మాత్రం దానికి కరెంటు ధారపోస్తూనే ఉంటుంది. మూత తీసి ఔట్‌పుట్ టెర్మినళ్ల పక్కన చిన్న రెసిస్టర్ ఒకటి చూపించాడు, దాని మీద రంగు గీతలు గుర్తుపట్టలేనంతగా నల్లబడిపోయి ఉన్నాయి. అంటే స్పీకర్లలో లోపమేమీ లేదు. ఆ ఆంప్ ఆ రకం లోడ్‌కి తయారైంది కాదు, 120 వాట్లున్నా ఒకటే, 300 వాట్లున్నా ఒకటే.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే స్పీకర్ లోపలేముందో చూడాలి. ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్‌లో కోన్ ఉండదు, కాయిల్ ఉండదు, వెనక అయస్కాంతమూ ఉండదు. రెండు చిల్లుల రేకుల మధ్య తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చటి ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. ఆ పొర మీద కొన్ని వేల వోల్టుల డీసీ చార్జ్ నిలిపి ఉంచుతారు, ఈ స్పీకర్లకి విడిగా కరెంటు ప్లగ్గు అవసరమయ్యేది అందుకే. ఆంప్ నుంచి వచ్చే సిగ్నల్‌ని స్పీకర్ లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ పదుల రెట్లు, కొన్నిట్లో వంద రెట్లకు పైగా పెంచి రేకులకి అందిస్తుంది. ఒక రేకు లాగుతుంటే ఇంకో రేకు నెడుతుంది, పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. బరువే లేని పొర కాబట్టి స్వరం మొదలవడం, ఆగడం ఎంత స్పష్టంగా వినిపిస్తాయో విన్నవాళ్లకే తెలుస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డింగు వాటి మీద వింటుంటే కమాను తీగని పట్టే క్షణం, వదిలే క్షణం విడివిడిగా తెలుస్తాయి. 1936లో విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయిన మహానుభావుడి ఫిడేలు, ఆ కాలపు గరగర రికార్డులో కూడా, అంత దగ్గరగా వినపడుతుంది.

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకి ఈపాటికే తట్టి ఉంటుంది, రెండు రేకులు, మధ్యలో గాలి అంటే అది కెపాసిటరే. కోన్ స్పీకర్ మీద 8 ఓమ్‌లని రాసి ఉంటే అది స్థాయిని బట్టి పైకీ కిందికీ మారినా, సాధారణంగా ఆ అంకె కంటే మరీ కిందికి దిగదు. కెపాసిటర్ అలా కాదు. స్వరం స్థాయి (ఫ్రీక్వెన్సీ) రెట్టింపయిన ప్రతిసారీ దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది చూపే నిరోధం, సగానికి పడిపోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ప్యానెల్ కెపాసిటీ 1,000 పికోఫారడ్లు అనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ 70 రెట్లు పెంచేది అనుకోండి. ఆంప్ వైపు నుంచి చూస్తే ఆ కెపాసిటీ 70 ఇంటు 70, అంటే 4,900 రెట్లు పెద్దదిగా, దాదాపు 5 మైక్రోఫారడ్లుగా కనిపిస్తుంది. అది 1,000 హెర్ట్జ్ దగ్గర 32 ఓమ్‌లు, 10,000 దగ్గర 3.2, 20,000 దగ్గర 1.6. ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోవద్దు. మార్టిన్‌లోగన్ కంపెనీ తన ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్ మోడల్ వివరాల్లోనే ఇంపిడెన్స్ 6 ఓమ్‌లు, 20,000 హెర్ట్జ్ దగ్గర 1.6 ఓమ్‌లు అని రాసింది. వాళ్ల పెద్ద మోడళ్లలో కొన్ని 1 ఓమ్ కంటే కిందికి కూడా దిగుతాయి. కంపెనీ దాచిపెట్టలేదు, షాపులో చెప్పేవాళ్లే లేరు.

ఇప్పుడు వాట్ల సంగతి. డబ్బా మీద రాసే 100 వాట్లు అన్నది 8 ఓమ్‌ల రెసిస్టర్ మీద కొలిచింది. రెసిస్టర్ తీసుకున్న శక్తిని వేడిగా మార్చేసుకుని ఊరుకుంటుంది. కెపాసిటర్ ఆ శక్తిని ఉంచుకోదు, ఉయ్యాలని తోస్తే అది మళ్లీ మన చేతుల మీదికే వచ్చినట్టు, తీసుకున్నదంతా మరుక్షణం ఆంప్ మీదికి తిప్పికొడుతుంది. ఆ వచ్చిన భారమంతా ఆంప్‌లోని ట్రాన్సిస్టర్లే మోయాలి. అంతకంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. రెసిస్టర్ మీద కరెంటు, వోల్టేజీ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కరెంటు పైస్థాయిలో ఉన్నప్పుడు ఔట్‌పుట్ వోల్టేజీ కూడా పైనే ఉంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్ మీద మిగిలే వోల్టేజీ తక్కువ. కెపాసిటర్ దగ్గర కరెంటు పావు చక్రం ముందు నడుస్తుంది, ఔట్‌పుట్ సున్నా దాటుతున్నప్పుడు కరెంటు పైస్థాయిలో ఉంటుంది. ఆంప్ లోపలి సప్లై 50 వోల్టులు, ఆ క్షణాన కరెంటు 10 ఆంపియర్లు అయితే, ట్రాన్సిస్టర్ మీద ఆ క్షణాన పడేది 500 వాట్లు. చాలా ఆంప్‌లలో ప్రొటెక్షన్ సర్క్యూట్ ఇది చూసి ఎక్కడో షార్ట్ అయిందనుకుని కరెంటు కోసేస్తుంది. మా తోడల్లుడి ఇంట్లో టప్‌మని ఆగిపోవడం అదే. షాపాయన దాన్ని స్పీకర్ లోపమనుకున్నాడు.

పాటలో 20,000 హెర్ట్జ్ దగ్గర ఉండే శక్తే తక్కువ కదా, అక్కడ 1 ఓమ్ అయితే ఏం కొంప మునుగుతుందని అడిగేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. వీణ, మృదంగం, గొంతు, వీటి శక్తిలో ఎక్కువ భాగం కింది, నడిమి స్థాయిల్లోనే ఉంటుంది, పైన పలికేది ఓవర్‌టోన్లు, తాళాలు, గజ్జెలు. మధ్యతరగతి ఇంట్లో మధ్యస్తం వాల్యూమ్‌లో వినేటప్పుడు కరెంటు అవసరం మనం భయపడినంత ఉండదు, నిజమే. కానీ రెండు విషయాలు పాటతో సంబంధం లేకుండా జరుగుతాయి. ఒకటి పైన చెప్పిన కేక. ఆంప్ తన ఔట్‌పుట్‌ని తానే వెనక్కి చూసుకుని సరిదిద్దుకుంటుంది, దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. ఔట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే ఆ చూసుకోవడం కాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం ఒక హద్దు దాటితే దిద్దుబాటు కాస్తా ఊగులాట అయిపోతుంది. పాట ఉన్నా లేకపోయినా అది జరుగుతుంది. మంచి డిజైనర్లు దీనికే ఔట్‌పుట్‌లో చిన్న తీగచుట్ట, దానికి అడ్డంగా ఒక రెసిస్టర్ పెట్టి ఆంప్‌ని ఆ కెపాసిటర్ నుంచి కాపాడతారు. ధర తగ్గించడానికి, స్పెసిఫికేషన్ కాగితం అందంగా కనిపించడానికి కొందరు దాన్ని తీసేస్తారు.

రెండోది ఆంప్ సొంత నిరోధం, అంటే ఔట్‌పుట్ ఇంపిడెన్స్. స్పీకర్ 1.6 ఓమ్‌లకి దిగే చోట ఆంప్ లోపలి నిరోధం కూడా 1.6 ఉంటే, స్పీకర్‌కి అందాల్సిన వోల్టేజీలో దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా లోపలే ఆగిపోతుంది. పై స్థాయిలు మందగిస్తాయి. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఇది 0.1 ఓమ్ కంటే తక్కువే కాబట్టి చింత లేదు. వాల్వ్ ఆంప్‌ల దగ్గరే చూసుకోవాలి. ఫీడ్‌బ్యాక్ లేని సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ ఆంప్‌లకి (ఇవి ఒక రకం వాల్వ్ ఆంప్‌లు) ఔట్‌పుట్ ఇంపిడెన్స్ 2, 3 ఓమ్‌ల దాకా ఉండొచ్చు, అవి ఈ ప్యానెళ్లకి తగిలిస్తే శబ్దం మెత్తగా, వెచ్చగా ఉందని మురిసిపోతాం గానీ జరిగింది గజ్జెల మోత సగం పోవడమే. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల రికార్డింగు ఒకటి పెట్టి చూడండి, రేకు తప్పెట మీద దెబ్బ, కాలి గజ్జెల గలగల రెండూ విడిపోయి వినపడాలి. కలిసిపోయి ముద్దగా ఉంటే ఆ ఆంప్, ఆ స్పీకర్ ఒకదానికొకటి సరిపోలేదని అర్థం. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు.

అలాగని వాల్వ్ ఆంప్‌లన్నీ పనికిరావని నేననడం లేదు. ఈ స్పీకర్ల చరిత్ర మొదలైందే వాల్వ్‌లతో. ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ గారి క్వాడ్ కంపెనీ 1957లో పూర్తి స్థాయి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు దానికి జోడీ వాళ్లదే క్వాడ్ 2 ఆంప్, అది 15 వాట్లే. ఈరోజు ఫోన్‌తో పాటు కొనే బ్లూటూత్ పెట్టె మీద కూడా అంతకంటే పెద్ద అంకె రాసి ఉంటుంది. ఆ 15 వాట్ల పుష్‌పుల్ (రెండు వాల్వ్‌లు వంతులవారీగా లాగి నెట్టే రకం) ఆంప్ ఫీడ్‌బ్యాక్‌తో, మంచి ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆ కెపాసిటర్ లోడ్‌ని నిలకడగా నడిపేది. వాల్వ్ ఆంప్ కొనాలనుకునేవాళ్లు ఈ తరహావి చూసుకోవాలి, వెనక 4 ఓమ్‌ల టెర్మినల్ ఉంటే 8 ఓమ్‌లది వదిలేసి దానికే తగిలించాలి. అక్కడ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ తగ్గుతుంది, కొంచెం వాట్లు పోయినా మంచిదే.

ఆ పాత క్వాడ్ స్పీకర్లు ఎవరింట్లోనైనా ఉంటే ఇంకో హెచ్చరిక, ఇది మీ వ్యాసంలోని సలహాకి సరిగ్గా ఎదురు. వాటికి వోల్టేజీ హద్దు ఉంది, పీక్, అంటే అల శిఖరం దగ్గర, 33 వోల్టులు దాటకూడదు. 8 ఓమ్‌ల మీద 100 వాట్లిచ్చే ఆంప్ పీక్‌లో 40 వోల్టులిస్తుంది. పండగపూట ఎవరో వాల్యూమ్ తిప్పేస్తే లోపల నిప్పురవ్వ లేచి పొరకి చిల్లు పడుతుంది. క్వాడ్ కంపెనీ తర్వాత తెచ్చిన తన సొంత 405 ఆంప్‌కి కూడా, ఈ పాత స్పీకర్లతో వాడేటప్పుడు వోల్టేజీకి పరిమితి పెట్టాల్సి వచ్చింది. 1981లో వచ్చిన ఈఎస్ఎల్-63లో కాపాడే సర్క్యూట్ లోపలే పెట్టారు. కాబట్టి వాట్లు ఎక్కువుంటే నష్టం లేదన్న మాట అన్నిటికీ చెల్లదు, కొన్ని స్పీకర్లకి ఆ ఎక్కువే ప్రాణం తీస్తుంది.

హోం థియేటర్‌కి వాడే ఏవీ రిసీవర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన షాపుల్లో ఎక్కువ అమ్ముడయ్యేవి అవే. 7 ఛానెళ్లు, ఒక్కోటి 100 వాట్లని పైన రాసి ఉంటుంది, చాలావాటిలో ఆ అంకె ఒకటి రెండు ఛానెళ్లు నడిచేటప్పటిదే. వెనక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వంగి చూస్తే 6 నుంచి 16 ఓమ్‌లని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే 6 కంటే కింద మా బాధ్యత లేదని కంపెనీయే చెబుతోంది. 1.6 ఓమ్‌లకి దిగే స్పీకర్‌ని దానికి కట్టడం న్యాయమేనా? కొన్నిట్లో 4 ఓమ్‌ల సెట్టింగ్ ఉంటుంది కదా అంటారు. సాధారణంగా ఆ స్విచ్ వేస్తే కరెంటు ఇచ్చే సత్తా పెరగదు, లోపలి వోల్టేజీ తగ్గి వేడి తగ్గుతుంది, అంతే. రిసీవర్ ఇప్పటికే ఉన్నవాళ్లకి మంచి దారి ఒకటుంది. ప్రీ ఔట్ సాకెట్లుంటే (లోపలి ఆంప్‌కి వెళ్లకముందే సిగ్నల్‌ని బయటికిచ్చేవి) ముందున్న రెండు స్పీకర్లకి వేరే పవర్ ఆంప్ తెచ్చి పెట్టుకోవచ్చు, మిగతావి రిసీవరే నడుపుకుంటుంది.

ట్రాన్సిస్టర్లని స్విచ్‌లలా అతివేగంగా వేసి ఆర్పే క్లాస్ డి ఆంప్‌ల మీద అనుమానాలెక్కువ. చిన్నగా, చల్లగా ఉంటాయి, ధర కూడా దిగివచ్చింది. వాటి చివర కాయిల్, కెపాసిటర్‌తో చేసిన ఫిల్టర్ ఉంటుంది, పాత డిజైన్లలో ఆ ఫిల్టర్‌ని 4 లేదా 8 ఓమ్‌ల రెసిస్టర్‌ని దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టేవాళ్లు. దానికి ప్యానెల్ కెపాసిటర్ తోడైతే పై స్థాయిల్లో ఎత్తుపల్లాలు వస్తాయి, అదే స్పీకర్‌తో ఒకరికి గరుకుగా, ఒకరికి మందంగా వినపడేది అందుకే. ఇప్పుడు ఫీడ్‌బ్యాక్‌ని ఆ ఫిల్టర్ తర్వాత నుంచి తీసుకునే డిజైన్లు వచ్చాయి, హైపెక్స్ ఎన్‌కోర్, ప్యూరిఫై మాడ్యూళ్లు ఆ రకమే. వాటి మీద లోడ్ ప్రభావం చాలా తక్కువ. క్లాస్ డి అని వినగానే కొట్టిపారేయకండి, ఫీడ్‌బ్యాక్ ఎక్కడి నుంచి తీస్తున్నారో అడగండి. జవాబు రాకపోతే ఆ డబ్బా వదిలేయండి.

పెళ్లి పందిళ్లకి, గుళ్లకి వాడే మైకుసెట్టు ఆంప్ తెచ్చి పెడతానని ఒకాయన నాతో అన్నారు. దూరదూరంగా కట్టే మైకు స్పీకర్లని నడిపే 100 వోల్టుల లైన్ కోసం చేసిన ఆంప్‌లు వేరు, వాటిని ఈ స్పీకర్ల దగ్గరికి తీసుకురావద్దు. స్టేజి షోలకి వాడే పవర్ ఆంప్‌లు మాత్రం 2 ఓమ్‌ల దాకా రేటింగ్ ఉన్నవి దొరుకుతాయి, గట్టివే, ఫ్యాన్ మోత భరించగలిగితే.

విశాఖలో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో సముద్రపు గాలి నేరుగా వస్తుంది, ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. ప్యానెల్ మీద నిలిపిన వేల వోల్టుల చార్జ్ తేమగా ఉన్న దుమ్ము గుండా కారిపోతుంది, అప్పుడు ఒక పక్క శబ్దం తగ్గుతుంది, చిటపటలు వస్తాయి. ఆంప్ ప్రొటెక్షన్ కోసినప్పుడూ చిటపటలే వస్తాయి. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి? ఆంప్ ఆపేసి ఎడమ, కుడి స్పీకర్ తీగలు ఆంప్ దగ్గర తారుమారు చేయండి. చిటపట మొదట ఏ స్పీకర్‌లో ఉందో అక్కడే ఉంటే ప్యానెల్ సంగతి, రెండో స్పీకర్‌కి మారితే ఆంప్ సంగతి. ప్యానెల్ అయితే గోడ ప్లగ్గు తీసేసి, చార్జ్ పోవడానికి కొన్ని గంటలు ఆగి, వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్‌తో ముందూ వెనకా దుమ్ము లాగండి. తడిగుడ్డ వద్దు. ఏసీ గదిలో పెడితే వానాకాలంలో ఈ బాధ బాగా తగ్గుతుంది. టెర్మినళ్ల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే అదీ తీసేయాలి, 1 ఓమ్ స్థాయిలో ఆడే లోడ్‌కి అర ఓమ్ తుప్పు కూడా తక్కువేమీ కాదు. అదే కారణంతో స్పీకర్ తీగ లావుగా, పొట్టిగా ఉండాలి, హాలు చుట్టూ తిప్పి తెచ్చిన సన్నటి తీగ పనికిరాదు. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, వచ్చాక వోల్టేజీ ఎగిరిపడి ఎన్ని వస్తువులు పోయాయో మనందరికీ తెలుసు, ఇంత సున్నితమైన సరుకుకి సరైన ఎర్తింగ్, సర్జ్ రక్షణ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు.

బాస్ కోసం వేరే కోన్ వూఫర్ ఉండే హైబ్రిడ్ మోడళ్లు కొన్నవాళ్లు వూఫర్‌కి సొంత ఆంప్ లోపల ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే బయటి ఆంప్ నడపాల్సింది ప్యానెల్‌నే, 60, 80 వాట్ల మంచి ఆంప్ సరిపోతుంది. లేకపోతే ఒకే ఆంప్ కింద వూఫర్‌నీ పైన కెపాసిటర్‌నీ మోయాలి.

ఇక కొనేటప్పుడు ఏం అడగాలంటే, 8 ఓమ్‌ల మీద ఎన్ని వాట్లన్నది కాదు, 4 మీద ఎన్ని, 2 మీద ఎన్ని అని అడగాలి. 8 మీద 100 ఇచ్చేది 4 మీద 200 దగ్గరికి, 2 మీద ఇంకా పైకి వెళ్తుంటే దాని పవర్ సప్లై నిజంగా బలమైనది. 8 మీద 100, 4 మీద 130, 2 గురించి మాటే లేదంటే వదిలేయాలి. కెపాసిటర్ లోడ్ మీద నిలకడగా ఉంటుందని కంపెనీ రాసిందా, లేదా 8 ఓమ్‌లకి 2 మైక్రోఫారడ్లు కలిపి ఎవరైనా పరీక్షించి చూపించారా అన్నది చూడాలి. హైఫై పత్రికలు ఎప్పటి నుంచో ఇదే పరీక్ష చేస్తున్నాయి, కొత్తదేం కాదు. ఆ తర్వాత ఇంటికి తెచ్చి, స్పీకర్లు తగిలించి, పాట లేకుండా ఒక గంట ఆన్‌లో ఉంచి హీట్ సింక్ మీద చెయ్యి పెట్టి చూడాలి. పాట లేకపోయినా నిండా కరెంటు పారుతూ ఉండే క్లాస్ ఏ ఆంప్ అయితే వేడి సహజం, మిగతావి పాట లేకుండా కాలిపోకూడదు.

మా తోడల్లుడు చివరికి స్పీకర్లు అమ్మలేదు. తెలిసినవాళ్ల దగ్గర పాతదే, 60 వాట్లదే, 2 ఓమ్‌ల దాకా రేటింగ్ ఉన్న ఆంప్ దొరికింది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది లోపల. కొనే ముందే కంచరపాలెం మెకానిక్ బల్ల మీద పెట్టి కెపాసిటర్ కలిపి చూశాం, గీత సన్నగానే నిలిచింది. 120 వాట్లది చేయలేని పని ఈ 60 వాట్లది చేస్తోంది. వాట్ల లెక్కని నేను ఇంతగా తప్పుపట్టడానికి కారణం అదే.

మీ పత్రికకి నా మనవి ఏమిటంటే, ఇకపై ఆంప్‌ల గురించి రాసినప్పుడు 4, 2 ఓమ్‌ల మీద వాట్లు, ఔట్‌పుట్ ఇంపిడెన్స్, కంపెనీ ఒప్పుకున్న కనీస లోడ్, ఇవి కూడా ధర పక్కనే వేయండి. స్పీకర్ల గురించి రాస్తే 20,000 హెర్ట్జ్ దగ్గర ఇంపిడెన్స్ ఎంతకి దిగుతుందో వేయండి. కాసింత చోటు చాలు. ఆంధ్రా యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ విభాగంలో ఓసిలోస్కోపులకి కొదవ లేదు, అక్కడి విద్యార్థులు మార్కెట్లో దొరికే కొన్ని ఆంప్‌లని 2 మైక్రోఫారడ్ల మీద కొలిచి ఫలితాలు ఇస్తే మీరు అచ్చు వేయొచ్చు, వాళ్లకి ప్రాజెక్టు అవుతుంది, మాకు నిజం తెలుస్తుంది. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షాపులవాళ్లకి కూడా మీ ద్వారా ఒక మాట. లక్షల సరుకు అమ్మేటప్పుడు అడ్వాన్సు తీసుకునైనా సరే, ఒక రాత్రి ఆంప్‌ని కొనేవాళ్ల ఇంటికిచ్చి వాళ్ల స్పీకర్లతోనే వినిపించండి. షోరూంలో కోన్ స్పీకర్లకి తగిలించి చూపిస్తే ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ మీద అది ఎలా ప్రవర్తిస్తుందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం